బొమ్మ చెప్పలేని మాట



గత తపస్సు కాలంలో మా విచారణ దేవాలయంలో సిలువ మార్గం పటాలు కొత్తవి పెట్టించాము. పద్నాలుగు స్థలాలకు పద్నాలుగు కుటుంబాలు ముందుకు వచ్చి విరాళాలు ఇచ్చాయి. ప్రతి పటం కింద ఒక పాలరాతి పలక బిగించి, దాని మీద దాతల పేర్లు చెక్కించాము. ఆ ఏర్పాటు నేను చేసిందే. దానం చేసినవారి పేరు నలుగురికీ తెలిస్తే మరి నలుగురు ముందుకు వస్తారు గదా అని నా ఆలోచన.

మొదటి శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన ముగిసింది. జనం వెళ్లిపోతున్నారు. ఒక పెద్దావిడ మాత్రం తొమ్మిదో స్థలం దగ్గర నిలబడిపోయింది. ప్రభువు మూడోసారి సిలువ కింద పడిపోయే స్థలం అది. ఆమెకు చదువు రాదు. పక్కన ఉన్న మనవణ్ణి పిలిచి, "ప్రభువు బొమ్మ కింద ఏమని రాశారో చదివి పెట్టు నాయనా" అంది. వాడు కూడబలుక్కుంటూ, కీర్తిశేషులైన ఫలానా వారి జ్ఞాపకార్థం కుమారులు, కోడళ్లు సమర్పించినది అని చదివాడు. ఆమె, "అది కాదయ్యా, ప్రభువు పడిపోయాడు గదా, మళ్లీ లేచాడని రాశారా లేదా?" అని అడిగింది. "లేదు నాయనమ్మా" అన్నాడు వాడు.

నేను వెనకనే ఉన్నాను. ఏమీ మాట్లాడలేకపోయాను. నిజమే, పటంలో ప్రభువు పడి ఉన్నాడు. ఎన్నాళ్లు చూసినా ఆ పటంలో ఆయన పడే ఉంటాడు. లేచాడన్న సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. అది చెప్పవలసిన చోట మేము దాతల పేర్లు వ్రాసి పెట్టాము.

మధ్యయుగపు శ్రీసభ ఈ విషయాన్ని మనకంటే బాగా ఆలోచించింది. ఆ కాలపు దేవాలయాల్లో బొమ్మలు ఎన్ని ఉన్నాయో, వాటి చుట్టూ, వాటి కింద చెక్కిన లాటిన్ పద్యాలు కూడా దాదాపు అన్ని ఉన్నాయి. ఆ పద్యాలు అక్కడ ఏం పని చేశాయి? బొమ్మ ఉండగా పద్యం ఎందుకు? ఈ వారం దీన్ని కొంచెం నిదానంగా పరిశీలిద్దాం.

నల్లబల్ల మీద ఆవు

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో తర్కం బోధించే ఉపాధ్యాయులు ఒకనాడు నల్లబల్ల మీద ఆవు బొమ్మ గీశారు. "ఇది ఏమిటి?" అన్నారు. "ఆవు" అన్నాము. "మంచిది. ఇప్పుడు 'ఇక్కడ ఆవు లేదు' అన్న వాక్యానికి బొమ్మ గీయండి" అన్నారు. ఒకడు లేచి ఖాళీ పొలం గీశాడు. "ఇది పొలం బొమ్మ. ఇందులో గుర్రమూ లేదు, ఏనుగూ లేదు. నువ్వు ఆవు గురించే చెబుతున్నావని మాకెలా తెలియాలి?" అన్నారు. ఇంకొకడు ఆవును గీసి దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. "ఆ గీతలు బొమ్మ కాదు, అవి మాట" అన్నారు ఆయన.

అప్పుడు మేమంతా నవ్వుకున్నాము. కాని అందులో ఒక సత్యం ఉంది. బొమ్మ ఉన్నదాన్ని చూపిస్తుంది. ఎంతో బలంగా, మాటకంటే వేగంగా చూపిస్తుంది. అయితే "లేదు", "కాదు", "అందువల్ల", "మారకపోతే" అనడం దానికి రాదు. ఎదుట నిలిచినవాణ్ణి "నీ సంగతే చెబుతున్నాను" అని పేరు పెట్టి పిలవడం కూడా రాదు. ఇవి మాట చేసే పనులు. విశ్వాస జీవితమంతా ఈ చిన్న మాటల మీదనే నడుస్తుంది గనుక బొమ్మకు మాట తోడు కావలసి వచ్చింది.

ఇది ఎప్పుడు మొదలైంది?

నోలా పీఠాధిపతి పునీత పౌలీనుస్ రోమా సామ్రాజ్యంలో పెద్ద కుటుంబంలో పుట్టి, ఆస్తిపాస్తులు విడిచి, ఇటలీలోని నేపుల్స్ సమీపాన పునీత ఫెలిక్స్ సమాధి వద్ద స్థిరపడినవాడు. ఆ పునీతుని పండుగ జనవరి 14. పల్లెల నుంచి రైతులు చలిలో నడిచి వచ్చేవారు. రాత్రంతా మేలుకోవడం, తినడం, తాగడం జరిగేది. మన తిరునాళ్లు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పౌలీనుస్ కోపగించుకోలేదు. కొత్తగా కట్టించిన దేవాలయాన్ని బైబులు ఘట్టాల చిత్రాలతో నింపి, వాటికి పైన శీర్షికలు వ్రాయించాడు. ఎందుకు వ్రాయించాడో 403వ సంవత్సరపు పండుగకు వ్రాసిన దీర్ఘ కవితలో తానే వివరించాడు. వచ్చినవారు ఒకరికొకరు చూపించుకుంటూ, చదివి వినిపించుకుంటూ పోతే తిండి ధ్యాస తగ్గుతుంది, తాగుడూ తగ్గుతుంది అని ఆయన ఆశ. చదువు వచ్చినవాడు రానివాడికి చదివి పెట్టడం ఆ ఏర్పాటులోనే ఉందని గమనించండి. మా పెద్దావిడ మనవణ్ణి పిలిచినట్లే.

మరో రెండు వందల ఏళ్లకు మార్సే నగర పీఠాధిపతి సెరేనుస్, ప్రజలు బొమ్మలను ఆరాధిస్తున్నారని వాటిని పగలగొట్టించాడు. మహా గ్రెగోరి పోపుగారు 599లోను, 600లోను ఆయనకు లేఖలు వ్రాశారు. బొమ్మలను ఆరాధించరాదన్న పట్టుదల మంచిదే గాని పగలగొట్టడం తప్పు అని మందలించారు. చదవగలవారికి గ్రంథం ఎలాంటిదో చదవలేనివారికి చిత్రం అలాంటిదని ఆ లేఖల సారాంశం. ఈ మాటను మనం తరచుగా వింటాం. కాని ప్రజలకు నచ్చజెప్పి బోధించాలని కూడా పోపుగారు సెరేనుస్‌కు చెప్పారు. అంటే బొమ్మను గోడకు తగిలించినంత మాత్రాన పని పూర్తి కాలేదు. దాని పక్కన నిలబడి చెప్పే నోరు ఉండాలి.

ఇలా బొమ్మకు జతగా వ్రాసిన పద్యాన్ని లాటిన్‌లో తితులుస్ అనేవారు. పదకొండు, పన్నెండు శతాబ్దాలు వచ్చేసరికి ఆ పద్యాలు ఒక ప్రత్యేకమైన అచ్చులో తయారయ్యాయి. పాదం మధ్యలో విరుపు దగ్గర ఉన్న మాట, పాదం చివరి మాట ఒకే ధ్వనితో ముగుస్తాయి. మన అంత్యప్రాసను ఒకే పాదంలో రెండుసార్లు వినిపించినట్లన్నమాట. వేమన పద్యం బడికి పోనివాడి నోట కూడా ఎలా నిలిచిందో మనకు తెలుసు. ప్రాస కుదిరిన మాట ఒకసారి వింటే చాలు, ఇంటికి వెంట వస్తుంది. బొమ్మ గుడిలో ఉండిపోతుంది, పద్యం యాత్రికుని వెంట నడుస్తుంది.

బొమ్మకు పక్కన పాటను, మాటను నిలపడం మన నేలకూ కొత్త కాదు. చేర్యాల పటం ముందు కథకుడు పాడుతూ ఒక్కొక్క బొమ్మను చూపిస్తాడు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల్లో కథా ఘట్టాల వెంట తెలుగు అక్షరాల వరుసలు కనిపిస్తాయి. కనుక ఆ ఐరోపా యాత్రికుల స్థితిని ఊహించుకోవడం మనకు కష్టం కాకూడదు.

సింహం చంపుతోందా, కాపాడుతోందా?

స్పెయిన్ దేశంలో పునీత యాకోబు సమాధికి పోయే యాత్రా మార్గంలో హాకా అనే పట్టణం ఉంది. పదకొండో శతాబ్దం చివరి భాగానికి చెందిన అక్కడి ప్రధాన దేవాలయపు పడమటి ద్వారం మీద అర్ధచంద్రాకారంలో ఒక శిల్పం ఉంది. మధ్యలో చక్రం లాంటి క్రీస్తు నామ చిహ్నం. దానికి రెండు వైపులా రెండు సింహాలు. ఎడమ వైపు సింహం కింద ఒక మనిషి నేల మీద పడి ఉన్నాడు.

పద్యం లేదనుకొని చూడండి. సింహం, దాని కాళ్ల కింద మనిషి. మీకు ఏమనిపిస్తుంది? మృగం మనిషిని పట్టుకుంది, ఇక వాడి పని అయిపోయింది అనిపిస్తుంది. కాని సింహం పక్కన చెక్కిన పద్యం సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది. తన ముందు సాగిలపడినవాణ్ణి విడిచిపెట్టడం సింహానికి తెలుసునని, వేడుకొన్నవాణ్ణి మన్నించడం క్రీస్తుకు తెలుసునని దాని భావం. కాళ్ల మీద పడినవాణ్ణి సింహం చంపదని ఆ కాలపు జంతు గ్రంథాలు చెప్పేవి. మృగం అనుకున్నది రక్షకుడయింది. చావబోతున్నాడు అనుకున్నవాడు క్షమాపణ పొందుతున్నాడు. శిల్పంలో ఒక్క గీత కూడా మారలేదు, అర్థం మాత్రం మొత్తంగా తిరిగింది.

కుడి వైపు సింహం క్రూర జంతువులను తొక్కుతోంది. అక్కడి పద్యం అది మరణ సామ్రాజ్యాన్ని తొక్కడమని చెబుతుంది. ఒకే సింహం మనిషిని విడిచిపెడుతుంది, వాణ్ణి బంధించిన మరణాన్ని విడిచిపెట్టదు. ఇక కింది వరుసలో పద్యం సూటిగా యాత్రికుని వైపు తిరుగుతుంది. మరణ శాసనానికి కట్టుబడి ఉన్న నువ్వు బ్రతకాలనుకుంటే వేడుకొంటూ ఇక్కడికి రా, హృదయాన్ని శుద్ధి చేసుకో అని పిలుస్తుంది. అప్పుడు ఆ యాత్రికునికి అర్థమవుతుంది. నేల మీద పడి ఉన్న ఆ మనిషి మరెవరో కాదు, తానే. ద్వారం దాటేముందు తాను చేయవలసిన పని ఆ రాతి మనిషి చేసి చూపిస్తున్నాడు.

కోంక్ ద్వారం

ఇప్పుడు ఈ విషయమంతటికీ గుండెకాయ లాంటి చోటికి పోదాం. దక్షిణ ఫ్రాన్సు కొండల్లో కోంక్ అనే చిన్న గ్రామం ఉంది. అక్కడి మఠ దేవాలయం పునీత ఫోయ్ పేరిట వెలిసింది. ఆ పేరుకు విశ్వాసం అని అర్థం. రోమా చక్రవర్తుల హింసాకాలంలో ఆజాన్ పట్టణంలో ప్రాణాలర్పించిన పసిబాలిక ఆమె. దేవాలయపు పడమటి ద్వారం మీద పన్నెండో శతాబ్దం తొలి భాగంలో చెక్కిన కడతీర్పు శిల్పం ఉంది. వెడల్పు ఆరు మీటర్లకు పైగా ఉంటుంది. అందులో 124 రూపాలు లెక్కకు వస్తాయి. శతాబ్దాల క్రితం పూసిన రంగు ఇప్పటికీ అక్కడక్కడా మిగిలే ఉంది.

మధ్యలో క్రీస్తునాథుడు. కుడి చేయి పైకెత్తాడు, ఎడమ చేయి కిందికి దించాడు. ఆయన కుడి వైపున మరియమాత, పునీత పేతురు, వారి వెనుక ఒక మఠాధిపతి చేయి పట్టుకొని నడిపించుకు వస్తున్న ఒక చక్రవర్తి. ఆయన షార్లమేన్ అని పండితులు భావిస్తారు. అంతటి చక్రవర్తి కూడా అక్కడ ఒకరి చేయి పట్టుకొని వస్తున్నాడు. ఇంకాస్త కింద చిన్న బాలిక సాగిలపడి ప్రార్థిస్తోంది. మేఘంలో నుంచి దేవుని హస్తం చాచుకొని వచ్చి ఆమె తలను తాకబోతోంది. ఆమె వెనుక సంకెళ్లు వేలాడుతున్నాయి. పునీత ఫోయ్ మధ్యస్థ ప్రార్థన వల్ల విడుదలైన ఖైదీలు తెచ్చి సమర్పించిన సంకెళ్లవి. అన్నిటికంటే కింద ఆర్చీల కింద పునీతులు ప్రశాంతంగా కూర్చున్నారు.

ఎడమ వైపు నరకం. అక్కడ క్రమం లేదు, ఒకరి మీద ఒకరు పడుతున్నారు. డబ్బు సంచి మెడకు తగిలించుకొని ఉరికి వేలాడుతున్న పిసినారి, గుర్రం మీద నుంచి తలకిందులుగా పడుతున్న గర్వి. పైన పిశాచం వలలో చిక్కినవారిలో మఠవాసులు కూడా ఉన్నారు. ఆ శిల్పాన్ని చెక్కించినవారు మఠవాసులేనని మరచిపోకండి. తమ అంగీని తామే నరకంలో చూపించుకున్న ఆ నిజాయితీ ముందు గురువునైన నేను తల వంచుతాను. రెండు భాగాల మధ్య మిఖాయేలు సన్మనస్కుడు త్రాసు పట్టుకొని ఆత్మలను తూస్తుంటే, ఎదుట పిశాచం తన వైపు పళ్లెం మీద వేలు పెట్టి మోసం చేయజూస్తోంది.

ఇక పద్యాలు చూడండి. శిల్పాన్ని అంతస్తులుగా విడదీసే రాతి పట్టీల మీద అవి బారుగా సాగుతాయి. మోక్షం వైపు పద్యం శీలవంతులు, శాంతిపరులు, సాత్వికులు, భక్తిని ప్రేమించేవారు అని ఒక జాబితా చెబుతుంది. నరకం వైపు పద్యం దొంగలు, అబద్ధాలకోరులు, మోసగాళ్లు, పేరాశపరులు, దోచుకొనేవారు అని మరో జాబితా చెబుతుంది. ఇక్కడ ఒక తేడా గమనించండి. పిసినారిని శిల్పి చెక్కగలడు, సంచి తగిలిస్తే చాలు. కాని సాత్వికుణ్ణి ఎలా చెక్కుతాడు? సాత్వికత్వానికి గుర్తుగా చేతిలో ఏ వస్తువు పెడతాడు? చెడును చూపించడం సులభం, మంచి చాలా వరకు నిశ్శబ్దంగా ఉంటుంది. కూర్చొని ఉన్న ఆ మనుషులు ఎందుకు అక్కడ కూర్చోగలిగారో చెప్పడానికి పద్యం కావలసి వచ్చింది.

ఇంకొక చిన్న మాట ఉంది. లాటిన్‌లో "సిక్" అంటే "ఇలా" అని అర్థం. ఈ ద్వారం పద్యాల్లో అది నాలుగు చోట్ల వస్తుంది. నీతిమంతులు ఇలా నిలుస్తారు, దుష్టులు ఇలా పడతారు అన్న ధోరణిలో సాగుతుంది. ఎలా? ఆ సంగతి పద్యం చెప్పదు, పైనున్న బొమ్మను చూడమని వేలు చూపిస్తుంది. అంటే పద్యం బొమ్మను వివరించి ఊరుకోవడం లేదు, తాను కూడా బొమ్మ మీద ఆధారపడుతోంది. బొమ్మ లేకపోతే ఆ "ఇలా" గుడ్డిది. పద్యం లేకపోతే ఆ బొమ్మ మూగది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అనే తగాదా అక్కడ లేదు.

చివరి పద్యం అన్నిటికంటే కింద, ద్వారబంధం పైదూలం అంచున ఉంది. లోపలికి పోయే ప్రతి మనిషి తల మీదుగా అది ఉంటుంది. అంతవరకు పద్యాలన్నీ "వారు" అని మాట్లాడాయి. ఇది మాత్రం పాపులారా అని పిలుస్తుంది. మీ నడవడి మార్చుకోకపోతే మీకు కఠినమైన తీర్పు రాబోతున్నదని తెలుసుకోండి అని హెచ్చరిస్తుంది.

పాఠకులారా, ఆ "మార్చుకోకపోతే" అన్న మాట దగ్గర కొంచెం ఆగండి. పైన శిల్పంలో అంతా ముగిసిపోయింది. పిసినారి ఉరికి వేలాడుతున్నాడు, తొమ్మిది వందల ఏళ్లుగా వేలాడుతూనే ఉన్నాడు. రాయి కదలదు, రాతిలో ఉన్నవాడికి రెండో అవకాశం లేదు. ఆ బొమ్మ ఒక్కటే ఉంటే చూసినవాడు భయపడి వెళ్లిపోతాడు, లేదా నేను వీళ్లలో లేనులే అనుకొని వెళ్లిపోతాడు. కింద ఉన్న పద్యం ఆ రెంటినీ ఒప్పుకోదు. ఇది నీ సంగతే అంటుంది, ఇంకా నిర్ణయం కాలేదు అంటుంది. హెచ్చరికలాగా వినిపించే ఆ ఒక్క మాటలోనే ఆశ అంతా దాగి ఉంది. మార్చుకోకపోతే అన్నారంటే మార్చుకోవచ్చు అన్నమాట. చదివినవాడు అప్పుడు ద్వారం కిందనే నిలబడి ఉన్నాడు. ఇంకొక అడుగు వేస్తే లోపల బలిపీఠం ఉంది, పాపసంకీర్తనం ఉంది.

యోనా ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం తెరిచి చూడండి. నలభై దినాల్లో నగరం నాశనమవుతుందని యోనా చాటాడు. ఆయన చాటింపులో "మారకపోతే" అన్న మాట లేదు. కాని నీనెవె ప్రజలు ఆ చెప్పని మాటను విన్నారు, గోనె కట్టుకొన్నారు, బ్రతికారు. కోంక్ మఠవాసులు ఆ మాటను వినేవాడి తెలివికి వదిలిపెట్టలేదు. రాతిలో చెక్కి తల మీద పెట్టారు.

మూడు వరుసల పీఠం

పద్యం చేసే మరో పని ఉంది. దూరంగా ఉన్న రెండు బొమ్మలను కలపడం. ఆస్ట్రియా దేశంలో వియన్నా దగ్గర క్లోస్టర్‌నోయ్‌బుర్గ్ మఠంలో వెర్దూన్ నికొలాస్ అనే స్వర్ణకారుడు 1181లో ముగించిన పని ఇప్పటికీ ఉంది. బంగారు పూత పూసిన రాగి రేకుల మీద రంగుల మీనా పనితో చేసిన చిత్ర ఫలకాలవి. మొదట అవి వాక్య పఠన వేదికకు అలంకారంగా ఉండేవి. 1330లో అగ్ని ప్రమాదం జరిగిన తరువాత మరి ఆరు ఫలకాలు చేర్చి, మొత్తం 51 ఫలకాలతో రెక్కలున్న పీఠంగా మార్చారు. ఫలకాలు మూడు వరుసలు. పై వరుస ధర్మశాస్త్రానికి ముందు కాలం, కింది వరుస ధర్మశాస్త్ర కాలం, నడుమ వరుస కృపాకాలం, అనగా క్రీస్తు జీవితం.

నడుమ ప్రభువు సిలువ మరణం ఉన్న చోట, పైన అబ్రాహాము ఇస్సాకును బలి ఇవ్వబోయే ఘట్టం ఉంది. అది అందరికీ అర్థమవుతుంది. కింద ఏముంది? ఇద్దరు మనుషులు ఒక కర్రకు పెద్ద ద్రాక్ష గెల తగిలించి భుజాల మీద మోసుకు పోతున్నారు. సంఖ్యాకాండము పదమూడో అధ్యాయంలో కనాను దేశాన్ని చూసి వచ్చిన వేగులవారు వీరు. సిలువకూ ద్రాక్ష గెలకూ ఏమి సంబంధం? కంటికి అది పంట మోత మాత్రమే. చుట్టూ వ్రాసిన పద్యం ఆ మోత కర్రలో సిలువ మ్రానును, ఆ గెలలో క్రీస్తును చదువుకోమంటుంది. చూడమని కాదు, చదువుకోమని. కర్రకు వేలాడే గెల, మ్రానుకు వేలాడే ప్రభువు. గెలను పిండితే ద్రాక్షారసం, ప్రభువు ప్రక్కను పొడిస్తే రక్తం. దివ్యబలిపూజలో మనం అందుకొనే పాత్ర అక్కడ కళ్ల ముందుకు వస్తుంది. పాత నిబంధన, కొత్త నిబంధన రెండు వేర్వేరు గోడలు కావని, ఒకే ఇల్లని ఆ ఒక్క పాదం నేర్పుతుంది.

బంగారం దగ్గర ఆగకు

పారిస్ సమీపంలోని పునీత దెనీసు మఠానికి 1122 నుంచి 1151 వరకు సుజేర్ మఠాధిపతిగా ఉన్నాడు. రాజులకు సలహాదారు, శోభ అంటే ఇష్టం ఉన్నవాడు. 1140లో ప్రతిష్ఠ అయిన పడమటి ముఖద్వారానికి బంగారు పూత పూసిన కంచు తలుపులు చేయించి, వాటి మీద ప్రభువు శ్రమలు, ఉత్థానం, ఆరోహణం చెక్కించాడు. వాటి మీద తానే పద్యం వ్రాయించాడు. చూసేవాడు బంగారాన్ని, ఖర్చును చూసి ఆశ్చర్యపడవద్దని, పనితనాన్ని చూడాలని, ఆ వెలుగు మనస్సును వెలిగించి నిజమైన ద్వారమైన క్రీస్తు దగ్గరకు చేర్చాలని దాని భావం. ఫ్రెంచి విప్లవ కాలంలో ఆ తలుపులు నాశనమయ్యాయి. బంగారం పోయింది. పద్యం మాత్రం సుజేర్ వ్రాసిన గ్రంథంలో నిలిచి ఉంది.

ఆయన తన పేరు కూడా వేయించుకున్నాడు. అది దాచడం ఎందుకు? అయితే ఒక చోట ఎలా వేయించుకున్నాడో చూడండి. మధ్య ద్వారం మీద కడతీర్పు శిల్పంలో క్రీస్తు పాదాల దగ్గర చిన్న రూపంగా మోకరిల్లి ఉన్నాడు. ద్వారం పైదూలం మీది పద్యంలో తన పేరు చెప్పుకొని, న్యాయాధిపతీ, నన్ను దయతో నీ గొఱ్ఱెలలో ఒకనిగా ఉంచుము అన్న అర్థంలో వేడుకొన్నాడు. దాత పేరు ఉంది. కాని అది బిరుదుగా లేదు, ప్రార్థనగా ఉంది.

వెనీసు నగరంలో పునీత మార్కు దేవాలయంలో మరో పద్యం ఉంది. మధ్యయుగంలో అది చాలా చోట్ల వాడుకలో ఉండేది. నువ్వు చూస్తున్న ఈ ప్రతిమ దేవుడూ కాదు, మనిషీ కాదు, ఈ ప్రతిమ ఎవరిని సూచిస్తున్నదో ఆయనే దేవుడు, ఆయనే మనిషి అని దాని తాత్పర్యం. మా ఉపాధ్యాయులు నల్లబల్ల మీద అడిగిన "కాదు" ఇదే. బొమ్మ తన గురించి తాను చెప్పుకోలేని సత్యాన్ని పద్యం దాని పక్కన నిలబడి చెబుతోంది. మీరు బొమ్మలకు మొక్కుతారట గదా అని పొరుగు సోదరులు అడిగినప్పుడు మనలో చాలామంది తడబడతారు. ప్రతిమకు ఇచ్చే గౌరవం ప్రతిమ సూచించే వ్యక్తికే చెందుతుందని 787లో జరిగిన రెండో నికేయా మహాసభ నిర్ణయించింది. ఆ మహాసభ పేరు తెలియని యాత్రికుడు కూడా ఆ రెండు పాదాలు విని ఉంటే జవాబు చెప్పగలిగేవాడు.

మనం నేర్చుకోవలసింది

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, ప్రతిమ, వాక్యం ఒకదాన్ని మరొకటి వెలిగిస్తాయని బోధిస్తోంది (1160వ పేరా). ఆ వెలుగు మన దేవాలయాల్లో ఉందా అని మనం అడుగుకోవాలి.

మొదటిది, బొమ్మ పెట్టినంత మాత్రాన బోధించినట్లు కాదు. స్వరూపాలు, పటాలు, రంగుల గాజు కిటికీలు పెట్టించడానికి మనం ఎంతో శ్రమపడతాము. వాటి పక్కన ఒక్క వాక్యం వ్రాయించడానికి పది నిమిషాలు ఆలోచించము.

రెండవది, వ్రాసే మాట బొమ్మలో కనిపించేదాన్నే మళ్లీ చెప్పకూడదు. పడిపోయిన ప్రభువు బొమ్మ కింద ప్రభువు పడిపోయాడు అని వ్రాస్తే ఏం లాభం? బొమ్మ చెప్పలేనిదాన్ని చెప్పాలి. లేచాడని చెప్పాలి. నువ్వు కూడా లేవగలవని చెప్పాలి.

మూడవది, దాత పేరు ఉండకూడదని నేను అనను. మరణించిన తల్లిదండ్రులను గుడిలో స్మరించడం పుణ్యకార్యమే. కాని ఆ పేరు ప్రార్థనగా ఉండాలి, ప్రభువు మాటకు అడ్డు నిలవకూడదు.

మా పలకలను ఇంకా తీయలేదు. దాతలతో మాట్లాడాను, ఒకరిద్దరు నొచ్చుకొన్నారు, తరువాత ఒప్పుకొన్నారు. ఇప్పుడు సత్యోపదేశం తరగతి పిల్లలు, మా ఉపదేశిగారు కలిసి ఒక్కొక్క స్థలానికి రెండేసి పాదాలు కడుతున్నారు. వాటిని దాతల పేర్లకు పైన పెద్ద అక్షరాలతో వ్రాయిస్తాము. తొమ్మిదో స్థలానికి వారు కట్టినవి ఇవి:

మూడు మార్లు పడిన ప్రభువు ముందుకే నడిచె,
పడిన నిన్ను లేపుటకై పైకి తాను లేచె.

ఛందస్సు సరిగా కుదిరిందో లేదో పండితులు చెప్పాలి. పోయిన ఆదివారం పూజ తరువాత ఆ మనవడు వీటిని నాయనమ్మకు చదివి వినిపించాడు. ఆమె రెండోసారి చదివించుకొంది. మూడోసారి తానే అప్పజెప్పింది.

ఈ వారం మీ దేవాలయానికి వెళ్లినప్పుడు ఒక్క బొమ్మ ముందు నిలబడండి. ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ బొమ్మ నాకు ఏం చూపిస్తోంది? ఇది చెప్పలేకపోతున్న మాట ఏమిటి? ఆ మాట నాతో ఎవరైనా చెప్పారా, నేను ఎవరితోనైనా చెప్పానా? మీ పక్కన చదువు రాని పెద్దలు ఎవరైనా ఉంటే, వాళ్లు అడిగేదాకా ఆగకండి.